జనవరి మతిమరుపు

యథాప్రకారం జనవరి వచ్చింది, యథాప్రకారం టీవీలో ఎర్రబాణం కిందికి దిగింది. క్రిస్మస్ కొనుగోళ్ల డిసెంబరుతో పోలిస్తే అమెరికాలో అమ్మకాలు కుప్పకూలాయట! పెళ్లైన మర్నాడు పందిరి విప్పుతుంటే ఇల్లు కూలుతోందని కేకలు పెట్టినట్టుంది.

అంకెల్లోంచి సీజను, అంటే ఏటా అవే నెలల్లో వచ్చే ఎత్తుపల్లాలు, తీసేయడం బ్రహ్మవిద్యేం కాదు. పదమూడు నెలల కదిలే సగటు కట్టండి, కొసల్లో ఉన్న రెండు నెలలకూ సగం బరువే ఇవ్వండి. అసలు అంకెను ఆ సగటుతో భాగించండి. అన్నేళ్ల జనవరి నిష్పత్తులకూ సగటు తీస్తే జనవరి గుణకం వస్తుంది. పన్నెండు గుణకాల సగటు 1 అయ్యేలా సరిచూసి, అసలు అంకెను ఆ నెల గుణకంతో భాగిస్తే సరి. 1965 నాటి అమెరికా సెన్సస్ బ్యూరో ఎక్స్-11 పద్ధతికి మూలం ఇదే. చిక్కల్లా చివరి ఆరు నెలలతో. రాబోయే నెలలింకా పుట్టలేదు గనక సగటు ఒంటికాలి మీద నిలబడుతుంది. 2008 చివరి పతనంలో కొంత ఇలాగే సీజను ఖాతాలో పడిపోయింది.

మాంద్యమంటే టెక్నాలజీకి తగిలిన దెబ్బేనని 1980ల్లో కొందరు పండితులు తేల్చారు. 1989లో బార్స్కీ, మైరన్ అనే ఆర్థికవేత్తలు అందరూ పారేసే సీజనునే తీసి చూశారు. నాలుగో త్రైమాసికంలో ఉత్పత్తి, అమ్మకాలు, ఉత్పాదకత కలిసి ఎక్కుతున్నాయి, మొదటి త్రైమాసికంలో కలిసి దిగుతున్నాయి. అచ్చం మాంద్యాలు వచ్చిపోయే వ్యాపార చక్రమే, కాకపోతే చెప్పి మరీ వస్తుంది. మరి పండితుల లెక్కన ఏమైనట్టు? డిసెంబరు 31 రాత్రి పడుకున్న కమ్మరి, తెల్లారేసరికి సుత్తి ఏవైపు పట్టుకోవాలో మరిచాడా? వెల్డరు నిప్పెక్కడ పుడుతుందని వెతుక్కుంటున్నాడా? చక్రం గుండ్రమా పలకలా అని ఇంజనీర్లు మీటింగు పెట్టారా? అక్టోబరుకల్లా అందరికీ జ్ఞాపకం తిరిగొచ్చేస్తుంది, పాపం! గిరాకీ లేక మనుషులు ఖాళీగా కూర్చుంటే తలకింత ఉత్పత్తి తగ్గుతుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

అమెరికాలో ప్రతి జనవరిలోనూ 20 లక్షలకు పైగా ఉద్యోగాలు పోతాయి. మామూలుగా పోయేవాటికన్నా తక్కువ పోతే, సీజను తీసేసి సర్దిన పట్టికలో ‘ఉద్యోగాలు పెరిగాయి’ అని ఉంటుంది. లెక్క తప్పనను, వ్యాపార చక్రం కనపడాలంటే అది కావాల్సిందే. కానీ ఆ పెరిగిన ఉద్యోగమేదో గోదాము గేటు బయట నిలబడ్డవాడికి చూపించండి చూద్దాం! సీజను కోసం పనిలో పెట్టుకున్న రోజే, తీసేసే తారీఖు యజమానికి తెలుసు. అయినా సిగ్గు లేకుండా ‘మాంద్యం, ఏం చేస్తాం’ అంటాడు. ఏం చేస్తావా? ఆ తారీఖు ముందే చెప్పి ఏడవొచ్చుగా!

ఫిబ్రవరికి 28 రోజులే. సర్దని అమ్మకాలు మళ్లీ తగ్గొచ్చు. యాంకరును ఇప్పుడే గొంతు సవరించుకోమనండి.