పది కిలోలు, ముప్పై రోజులు, 800 కేలరీలు: ఈ లెక్క ఎక్కడా తెగదు

పది రోజులుగా నెల్లూరు నుంచి ఒంగోలు దాకా మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కావలిలో ఉండే మా బావమరిది దాన్ని నాకు పంపి, "బావా, సోమవారం నుంచి మొదలుపెడతన్నా" అన్నాడు. అందులో ఉన్నది ఇదీ: రోజుకు 800 కేలరీలే తింటే నెలలో పది కిలోల కొవ్వు కరుగుతుంది. కొవ్వు తగ్గడం, కండ పెరగడం ఒకేసారి జరగవు కాబట్టి కండ సంగతి తర్వాత చూసుకోవచ్చు. అన్నం ముట్టకూడదు. చెమట ఎంత కారితే కొవ్వు అంత పోతుంది. ప్రోటీన్ పౌడర్ లేనిదే కండ రాదు. సోమవారం లోపు వాడికి జవాబు చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నా.

మొదటి మాట, పది కిలోలు. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. పది కిలోలకు 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,500 పైచిలుకు లోటు పడాలి. మా బావమరిది 75 కిలోలుంటాడు, పగలంతా కొట్లో కూర్చునే పని. అలాంటి మనిషి ఒళ్లు రోజు మొత్తం మీద ఖర్చుపెట్టేదే 2,200 దగ్గర్లో ఉంటుంది. అంటే నెలంతా మంచినీళ్లు తాగి పడుకున్నా పది కిలోల కొవ్వు పోదు. ఇక 800 తింటూ ఎలా పోతుంది?

"ఫలానావాడు మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాడే" అంటారు. తగ్గుతాడు. కండల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లుంటాయి. తిండి కోసేయగానే ముందు ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీళ్లూ పోతాయి. పెళ్లిభోజనాలు రెండు పడితే మళ్లీ వచ్చేస్తాయి. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. బరువులు ఎత్తకుండా, ప్రోటీన్ చాలకుండా కడుపు మాడ్చుకుంటే ఒళ్లు కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. పొట్ట పొట్టలాగే ఉండి, భుజాలూ చెంపలూ పీక్కుపోయిన వాళ్లను మన వీధిలోనే చూస్తుంటాం. 800 కేలరీల తిండి కొందరు రోగులకు డాక్టర్లు దగ్గరుండి పెట్టించేది, మెసేజ్ చూసి మొదలుపెట్టేది కాదు.

రెండోది, రెండూ ఒకేసారి జరగవన్న మాట. ఇందులో సగం నిజముంది. ఏళ్ల తరబడి బరువులెత్తి, ఇప్పటికే సన్నగా, కండపట్టి ఉన్నవాడికి రెండూ కలిపి చేయడం కష్టమే. కానీ ఈ మెసేజ్ తిరిగేది అలాంటి వాళ్ల మధ్య కాదు. పొట్ట ఉన్నవాడికి, జిమ్‌కు కొత్తగా వచ్చినవాడికి, మానేసి మళ్లీ మొదలుపెట్టినవాడికి రెండూ ఒకేసారి జరుగుతాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. బరువు ఎక్కువున్న 40 మంది కుర్రాళ్లకు నాలుగు వారాల పాటు కేలరీలు 40 శాతం తగ్గించి, వారానికి ఆరు రోజులు గట్టి వ్యాయామం చేయించారు. సగం మందికి కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల ప్రోటీన్, మిగతా సగానికి 2.4 గ్రాములు. ఎక్కువ ప్రోటీన్ తిన్నవాళ్లకు సగటున 4.8 కిలోల కొవ్వు పోయింది, పైగా కండ లాంటి కొవ్వు కాని బరువు 1.2 కిలోలు పెరిగింది. తక్కువ తిన్నవాళ్లకు కొవ్వు 3.5 కిలోలు పోయింది, కొవ్వు కాని బరువు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది.

అలాగని ఎవరూ రేపే 40 శాతం కోసేయొద్దు. వాళ్లకు తిండి కొలిచి ఇచ్చినవాళ్లున్నారు, వ్యాయామం దగ్గరుండి చేయించినవాళ్లున్నారు. ఇంట్లో ఉండే మనకు రోజుకు మూడు, నాలుగు వందల లోటు చాలు. నాలుగు వందలైతే పంతొమ్మిది రోజులకు ఒక కిలో. నిదానమే, కానీ ఆ లోటుతో బరువులెత్తే ఓపిక మిగులుతుంది. వారం వారం కాస్త బరువు పెంచుకుంటూ పోకపోతే ఎంత ప్రోటీన్ తిన్నా కండకు పెరగాల్సిన పని పడదు.

ఇప్పుడు అన్నం. ఊరి పేరే ‘నెల్లు’ నుంచి, అంటే వడ్ల నుంచి వచ్చిందని చెప్పుకునే చోట అన్నం మానేయమనడం! 100 గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలుంటాయి. దోషం అన్నంది కాదు, గరిటెది. నేను మొదటిసారి వంటింట్లో చిన్న కాటా పెట్టి నా మధ్యాహ్నం పళ్లెం తూచినప్పుడు 520 గ్రాములు తూగింది, అదీ రెండోసారి వడ్డించుకోకముందు. దాదాపు 680 కేలరీలు ఒక్క అన్నంలోనే. "ఏందబ్బయ్యా, అన్నాన్ని కాటా వేసి తింటావా, ఎవురన్నా వింటే నవ్విపోతారు" అంది అమ్మ. 250కి దించాను. మొదటి వారం కష్టమనిపించింది, తర్వాత అలవాటైంది.

కానీ నాకు అన్నం కంటే పెద్ద దొంగ మా చేపల పులుసులో దొరికింది. రాత్రి చేసి పొద్దున తినే పులుసు, పైన వేలెడు మందాన తేలే ఎర్రటి నూనె. దాన్ని గరిటెతో నొక్కి తీసి అన్నంలో కలుపుకోవడమే మా ఇంట్లో రుచి. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు, ఇంచుమించు 90 గ్రాముల అన్నంతో సమానం. నేను పళ్లెంలోకి ఒంపుకునేది మూడు చెంచాలకు తగ్గేది కాదు. నెయ్యి కారం దోసెకూ ఇదే కథ. అన్నం మానేసి పొద్దునపూట రెండు నెయ్యి దోసెలు లాగించేవాళ్లు నాకు బాగా తెలుసు.

చెమట గురించి రెండు ముక్కలు చాలు. అది నీరూ ఉప్పూ. చెమటతో కొవ్వు కరిగేదైతే రోహిణి కార్తె దాటేసరికి నెల్లూరులో పొట్ట ఉన్న మనిషే మిగలడు.

ఇక పౌడర్. కండ కావాలనుకునేవాడికి కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రోటీన్ దాదాపు సరిపోతుంది. 75 కిలోలకు 120 గ్రాములు. నాలుగు గుడ్లలో 24, రెండు వందల గ్రాముల చేప లేదా రొయ్యల్లో 40, నూట యాభై గ్రాముల కోడిమాంసంలో 33, యాభై గ్రాముల కందిపప్పులో 11, రెండు వందల గ్రాముల పెరుగులో 7, అన్నంలో ఓ పది. లెక్క దాటిపోయింది. రొయ్యల చెరువుల పక్కన బతుకుతూ డబ్బాకు వేలు పోయడం నాకు మింగుడుపడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ఇలాంటి పౌడర్లు వద్దనే చెప్పింది. అదే సంస్థ మామూలు మనిషికి చెప్పే మోతాదు కిలోకు 0.83 గ్రాములే, అది కండ పెంచే లెక్క కాదు. శాకాహారులకు తిండితోనే 120 చేరడం కష్టం, వాళ్లు పౌడర్ వాడితే నేను తప్పుపట్టను.

ఒక్క జాగ్రత్త. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు. కనిగిరి వైపు ఈ జబ్బు ఎంతమంది ఇళ్లలో ఉందో అందరికీ తెలిసిందే. ఆ పక్క నుంచి వచ్చినవాళ్లు ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే గుడ్లు లెక్కపెట్టడం మంచిది.

బావమరిది కాటా కొన్నాడు. నిన్న రాత్రి ఫోటో పంపాడు: పళ్లెంలో 220 గ్రాముల అన్నం, నాలుగు చేప ముక్కలు. పులుసు గిన్నె మాత్రం ఫోటోలో లేదు. నూనె ఎంత ఒంపుకున్నావురా అని అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఇంకా రాలేదు.