సొంత కంపెనీ పెట్టాలనుకుంటే ముందు ఏ కొలువు?

తిరుపతిలో మా వీధి చివరింటి కుర్రాడి చేతిలో ఇప్పుడు రెండు ఆఫర్లున్నాయి. ఒకటి చెన్నైలో పేరున్న ఐటీ సేవల సంస్థ, జీతం కాస్త ఎక్కువ. రెండోది బెంగళూరులో నలభై మంది కూడా లేని చిన్న కంపెనీ. లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లకు సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతుంది. నాలుగైదేళ్లు పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడే సొంతంగా ఏదైనా పెట్టాలని వాడి ఆశ. ఊహ కూడా ఒకటుంది. సీజన్‌లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరతాయి కదా. ఏ ఫ్యాక్టరీ దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందో రైతు తోట దగ్గరే ఫోనులో చూసుకోగలిగితే ఎట్లుంటుందని. "అనా, దేంట్లో చేరమంటావు?" అని మొన్న అడిగాడు.

ఈ ప్రశ్నకు ఇంట్లో పెద్దలు పెద్ద కంపెనీ అంటారు, యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు చిన్న కంపెనీ అంటారు. ఇద్దరూ సైజు చూసే చెబుతున్నారు. డబ్బు కట్టే కస్టమర్ గొంతు నీ కుర్చీ దాకా వినపడుతుందా అన్నది నా మొదటి ప్రశ్న. నలభై మందే ఉన్నా, యజమాని ఒక్కడే కస్టమర్లతో మాట్లాడి మిగతావాళ్లకు పని పంచేసే చోట ఐదేళ్లున్నా వచ్చేది కోడింగే. పెద్ద సంస్థలో సపోర్ట్ డెస్కులో కూర్చుని అర్ధరాత్రి క్లయింట్ చేత తిట్లు తిన్నవాడికి అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది. గిరీష్ మాతృభూతం జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏళ్లపాటు పనిచేసి 2010లో బయటికొచ్చారు. ఆయన మొదలుపెట్టిన ఫ్రెష్‌డెస్క్ సరిగ్గా కస్టమర్ల ఫిర్యాదులను చూసుకునే సాఫ్ట్‌వేరే. 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయిన ఫ్రెష్‌వర్క్స్ అలా పుట్టింది. (ఆ జోహోకు మన రేణిగుంటలోనూ ఆఫీసుంది. సొంత సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే ప్రొడక్ట్ కంపెనీ అనగానే బెంగళూరు బస్సే ఎక్కనక్కర్లేదు.)

రెండో ప్రశ్న, పక్క కుర్చీలో ఎవరుంటారని. 1981లో ఇన్ఫోసిస్ పెట్టిన ఏడుగురూ పట్నీ కంప్యూటర్స్‌లో కలిసి పనిచేసినవాళ్లు. 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టిన ఇద్దరు బన్సల్‌లూ అమెజాన్ ఉద్యోగులు. 2015లో ఫోన్‌పే పెట్టిన ముగ్గురూ ఆ ఫ్లిప్‌కార్ట్ నుంచే వచ్చారు. భాగస్వామి నిజాయితీ, కోపం, పనితనం ఇంటర్వ్యూలో బయటపడవు, పక్కన కూర్చుని పనిచేస్తేనే తెలుస్తాయి. ఈ విషయంలో పెద్ద సంస్థకే మార్కులు వేస్తాను. అక్కడ మనుషులెక్కువ, ఏరుకోవచ్చు.

తొందర గురించీ ఒక మాట. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కొత్త కంపెనీల మీద జరిగిన పరిశోధనలో స్థాపకుల సగటు వయసు 45 అని తేలింది. పెట్టబోయే వ్యాపారంలోనే ముందు పనిచేసినవాళ్లకు గెలుపు అవకాశాలు బాగా ఎక్కువట. గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో విద్యుత్ కేంద్రాల ఇంజినీరుగా ఏళ్లు గడిపాకే తిరిగొచ్చి, మన కరకంబాడి దగ్గర అమరరాజాను నిలబెట్టారు. కరెంటు పని చేసినాయన బ్యాటరీలు చేశాడు.

అందుకే మావాడికి బెంగళూరు వైపే చెప్పాను. చిన్నదని కాదు, లారీలదని. చెన్నైలో చేరితే ఏ విదేశీ బ్యాంకు ప్రాజెక్టులో వేస్తారో వాడికే తెలియదు. దానికీ మామిడి ట్రాక్టరుకూ సంబంధమేముంది?

అయితే చిక్కంతా ఇక్కడే. కొలువు కలకు ఎంత దగ్గరైతే కాగితాల గొడవ అంత పెరుగుతుంది. ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాం మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిదేనని 1957 నాటి చట్టం చెబుతోంది. వాడి బెంగళూరు ఆఫర్ లెటర్ ఇంకో అడుగు ముందుకేసింది. కంపెనీ వ్యాపారానికి సంబంధించినదేదైనా, సెలవు రోజున సొంత ల్యాప్‌టాప్‌లో చేసినా, కంపెనీకే చెందుతుందట. మానేశాక రెండేళ్లు పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతుకు నేను పెద్దగా భయపడను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు అలాంటివి సాధారణంగా నిలవవు. బాండు సంగతి వేరు. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టే కనీస సర్వీసు షరతు ఆ సెక్షన్‌కు విరుద్ధం కాదని 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ మూడేళ్లలోపు మానేస్తే కట్టాల్సింది 2 లక్షలు. చెన్నై ఆఫర్‌లోనూ అలాంటి బాండే ఉంది. వాడు దాన్ని చదవనేలేదు, జీతం ఉన్న పేజీ ఒక్కటే ఫొటో తీసి వాళ్లమ్మకు పంపాడు.

ఇక డబ్బు. చదువు అప్పు కిస్తీ నెలనెలా కట్టాల్సిందే. జీతం తగ్గించి బదులుగా ఇస్తామనే షేర్ల ఆప్షన్లను (ముందే చెప్పిన ధరకు తర్వాత కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కును) నేనైతే సున్నాగానే లెక్కేస్తాను. కనీసం ఏడాది గడవనిదే అవి చేతికి రావు, షేర్లు తీసుకున్న రోజున వచ్చిన లాభాన్ని జీతంగా లెక్కగట్టి పన్నేస్తారు, కొనేవాడు ఉంటాడో లేదో తర్వాతి మాట. అయినా రెండు జీతాల మధ్య తేడా కిస్తీని మింగేంత లేదు. ఉండుంటే చెన్నై వెళ్లమనే చెప్పేవాణ్ణి.

"రైతుల కోసం నేను సొంతంగా చేసుకునే పని మీ 'కంపెనీకే చెందుతుంది' అన్న షరతు కిందికి రాదని రాసివ్వండి" అని వాడి చేత బెంగళూరుకు మెయిల్ పెట్టించాను. నాలుగు రోజులైంది, జవాబు రాలేదు. చెన్నై వాళ్లు మాత్రం ఎప్పుడు చేరతావని రోజూ ఫోన్ చేస్తున్నారు.