తూకానికి అమ్మేశారు మా మామ తరిమెనని

ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. పొద్దున రేణిగుంట రోడ్డులో ఒక పాత ఇనుము అంగడి ముందు మా మామ తరిమెన, అదే కర్రను తిప్పుతూ చెక్కే లేత్ మిషన్, చూశాను. సమ్మెటతో కొట్టి నాలుగు ముక్కలు చేసి పడేశారు. పోత ఇనుము కదా, వంగదు, పగులుతుంది. పగిలిన చోట బూడిద రంగులో గరుకుగా ఉంది. ఉలి ఆనించే పట్టీ మాత్రం మామ ఎడమ చెయ్యి రాసి రాసి అద్దంలా నున్నబడి అలాగే ఉంది. దాన్ని చూసే గుర్తుపట్టాను.

అమ్మింది ఎవరో కాదు, ఆయన కొడుకే. ఫోన్ చేస్తే "షెడ్డు ఖాళీ చేయాలి బావా, అయినా ఇప్పుడు దాన్నెవరు వాడతారు?" అంటాడు. నన్నొక్క మాట అడిగావా రా? మామ పోయి రెండేళ్లే కదా అయింది!

తరిమెన అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. కాలితో తొక్కితే కింద పెద్ద చక్రం తిరిగేది, దాని తోలు బెల్టు మెట్లు మెట్లుగా ఉన్న పుల్లీని తిప్పేది. లావు కర్ర పెడితే బెల్టు పెద్ద మెట్టు మీదికి, నిదానంగా. సన్న పనైతే చిన్న మెట్టు మీదికి, జోరుగా. దాని బరువు ఊరికే పెట్టింది కాదు. ఆ బరువు వల్లే కర్ర అదరదు, ఉలి ఎగరదు. అంగడివాడు ఆ బరువునే తూకం వేసి కొనుక్కున్నాడు.

మంచం కోళ్లు, పప్పుగుత్తులు, కవ్వాలు, పిల్లల నడక బండ్లు, అన్నీ దాని మీదే. బొంగరం తిరుగుతుండగా మామ లక్క పుల్ల ఆనించేవాడు. రాపిడి వేడికే లక్క కరిగి ఎర్రటి చార చుట్టుకునేది. మొగలాకుతో అదిమితే తళుక్కుమనేది. ఏటికొప్పాక వాళ్లు ఇదే పనితో 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మనకేం తక్కువ? ఏర్పేడు పక్కన మాధవమాలలో కర్రలో దేవుళ్లను చెక్కే చేతులున్నాయి. ఎర్రచందనం మరపాచి బొమ్మలను కొలువులో ముందు పెట్టుకునే ఊళ్లు మనవి. ఇప్పుడు ఎర్రచందనం అంటే స్మగ్లింగ్ కబుర్లే.

మా వాళ్లూ తక్కువేం కాదు. చెల్లి పెళ్లికి మామ టేకుతో నాలుగు మంచం కోళ్లు తిప్పి తెచ్చాడు, రాత్రుళ్లు మేలుకొని. పెళ్లివాళ్లు నవ్వుతారని ఇంట్లో పెద్దలు షోరూం మంచం కొన్నారు. పొట్టు చెక్క. మొదటి వానాకాలానికే ఉబ్బిపోయింది. కోళ్లు మిద్దె మీద పడి ఉండి, ఒక ఏడు భోగి మంటలో పడ్డాయి. టేకు కోళ్లు! ఆ పండక్కి మామ మా ఇంట్లోనే ఉన్నాడు. మంట దగ్గర నిలబడి చూశాడు. ఒక్క మాట అనలేదు. కాఫీ తాగి మొదటి బస్సుకే చిత్తూరు వెళ్లిపోయాడు. నేనూ అక్కడే ఉన్నాను, నోరు తెరవలేదు. ఇవాళ ఆ ముక్కల ముందు నిలబడితే అదే గుర్తొచ్చింది.

పుల్లీ, ఆ నున్నటి పట్టీ అడిగి తెచ్చుకున్నాను. తిరుపతి, చిత్తూరు, పలమనేరు, ఎక్కడైనా సరే, మీ ఇంట్లో పాత తరిమెన గానీ ఉలులు గానీ ఉంటే అమ్మే ముందు నాకు మెసేజ్ పెట్టండి. పాత ఇనుము అంగడి ఇచ్చే డబ్బు నేనే ఇస్తా, ఆటో కూడా నేనే తెచ్చుకుంటా. సమ్మెట మాత్రం పడనివ్వకండి.