పదికి 1.7 వచ్చిన అమ్మాయి జవాబు

కావలి, ఒంగోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "నీ సంగతే రాశారు చూడమ్మా" అని మా మామ నాకే పంపించాడు. అందులో ఉన్నది ఇది: ఇంజనీరింగ్ మధ్యలో ఒక సెమిస్టర్ విదేశంలో చదవడమంటే డబ్బున్నోళ్ల టూరు. రెండు చోట్లా ఫీజు కట్టాలి, లక్షలు కావాలి. అక్కడి మార్కులు ఇక్కడ చెల్లవు, ఏడాది పోతుంది. తిండి పడక చిక్కిపోతారు. అదే పూర్తి డిగ్రీకి వెళ్తే పార్ట్‌టైంతోనే ఖర్చంతా వచ్చేస్తుంది, అక్కడే సెటిలైపోవచ్చు. చివర్లో ఒక కన్సల్టెన్సీ ఫోన్ నంబరు. ముందు ఆ నంబరు చూస్తే మిగతాదంతా ఎందుకు రాశారో తెలిసిపోతుంది.

నేను ఎలక్ట్రికల్ థర్డ్ ఇయర్‌లో ఉండగా జర్మనీలో, డ్రెస్డెన్‌లో ఒక సెమిస్టర్ చదివి వచ్చాను. మా నాయనకు కావలి దగ్గర నాలుగెకరాల వరి. మేం డబ్బున్నోళ్లం కాదు.

"రెండు చోట్లా ఫీజు" అన్నది ముందు తేలుద్దాం. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటే అది కుండమార్పిడి లాంటిది. వాళ్ల పిల్ల ఇక్కడికి, మన పిల్ల అక్కడికి, కట్నం మాట లేదు. ఎవరి ఫీజు వాళ్లు సొంత కాలేజీలో కట్టుకుంటారు. జర్మనీలో బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మనలాంటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తుంది. ఒప్పందం మీద వెళ్లిన వాళ్లకు అక్కడ కూడా అది మినహాయింపే. ఒప్పందం లేకుండా సొంతంగా సీటు వెతుక్కుని వెళ్తే సంగతి వేరు. చాలా దేశాల్లో అప్పుడు ఫీజు పడుతుంది. మెసేజ్ రాసినాయన ఈ రెంటినీ కలిపేశాడు.

లక్షల మాట పూర్తిగా అబద్ధం కాదు. జర్మనీ వీసాకు డబ్బు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అది నెలకు 992 యూరోలు. ఆరు నెలలకు 5,952. యూరో వంద రూపాయలనుకుంటే దగ్గర దగ్గర ఆరు లక్షలు. మా నాయన ఈ అంకె విని రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత బ్యాంకులో అడిగితే తెలిసింది, అది ఎవరికీ కట్టే ఫీజు కాదని. మన పేరుతో ఖాతాలో ఉంటుంది, అక్కడికి చేరాక నెలనెలా మన చేతికే వస్తుంది, అద్దెకూ తిండికీ వాడుకుంటాం. పొదుపుగా ఉంటే మిగుల్తుంది కూడా. స్కాలర్‌షిప్ దొరికితే ఈ భారం ఇంకా తగ్గుతుంది. యూరోపియన్ యూనియన్ వాళ్ల ఎరాస్మస్ ప్లస్ పథకం కింద మన దేశం నుంచి వెళ్లే విద్యార్థికి, దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల దాకా ఇస్తారు. అయితే అది మన కాలేజీ, వాళ్ల యూనివర్సిటీ కలిసి తెచ్చుకున్న ప్రాజెక్టు ఉంటేనే. దరఖాస్తు కూడా కాలేజీ ద్వారానే. కన్సల్టెన్సీకి అందులో పనేమీ లేదు.

ఇక టూరంటారా? యూరప్‌లో ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని లెక్క. అంటే 750 గంటలకు తక్కువ కాదు. ఇంత చాకిరీ ఉన్న టూరు నేనెక్కడా చూడలేదు.

"మార్కులు చెల్లవు, ఏడాది పోతుంది." భయపడాల్సిన మాట ఏదైనా ఉంటే ఇదొక్కటే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. బయల్దేరే ముందు లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక కాగితం రాసుకోవాలి. ఎడమవైపు అక్కడ చదవబోయే సబ్జెక్టులు, కుడివైపు వాటికి బదులు ఇక్కడ రాయనక్కర్లేని సబ్జెక్టులు. మన కాలేజీ, వాళ్ల యూనివర్సిటీ, మనం, ముగ్గురం సంతకాలు పెట్టాలి. సంతకాలు కాకుండా విమానం ఎక్కితే మాత్రం ఆ మెసేజ్ నిజమవుతుంది. నా కాగితంలో నాలుగు సబ్జెక్టులు కుదిరాయి, పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ కుదరలేదు. తిరిగొచ్చాక జూనియర్లతో కూర్చుని చేశాను. పోయింది ఒక ల్యాబ్, ఏడాది కాదు.

మెసేజ్‌లో లేని అసలు తలనొప్పి క్యాలెండరు. అక్కడ చలికాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబరులో మొదలై ఫిబ్రవరి మొదట్లో అయిపోతాయి, ఆ తర్వాత పరీక్షలు. మా కాలేజీలో జనవరిలోనే తర్వాతి సెమిస్టర్ మొదలైపోయింది. ఆరు వారాల అటెండెన్స్ పోయింది. హెచ్‌ఓడీ సార్ ముందే లెటర్ రాసిపెట్టబట్టి బయటపడ్డాను.

మార్కుల మెమో తీసుకుని మా ఎగ్జామ్ సెక్షన్‌కు పోతే అక్కడి క్లర్కు కళ్లద్దాలు పైకి తోసుకుని మెమో వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఏందమ్మా, అంత దూరం పోయి పదికి 1.7 తెచ్చుకున్నావా?"

జర్మనీలో లెక్క తిరగేసి ఉంటుంది. 1.0 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 దాకా పాసు, 5.0 అంటే ఫెయిలు. మెమో వెనకవైపు ఆ వివరం అచ్చు వేసే ఉంది. చూపించాను. పక్క టేబుల్ ఆయన్ను పిలిచి ఆయనకూ చూపించాడు. రెండు వారాలకు మార్కులు ఎక్కాయి.

పార్ట్‌టైం: జర్మనీలో విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. రూలు ఉందని పని ఎదురొచ్చి నిలబడదు. జర్మన్ రాకపోతే దొరికేది గిన్నెలు కడిగే పని. నేనూ శని, ఆదివారాలు కడిగాను. కూరగాయలకు సరిపోయింది, అద్దెకు కాదు. పూర్తి డిగ్రీకి వెళ్లినా ఇవే రూళ్లు, ఇవే గిన్నెలు.

"సెటిలైపోవచ్చు" అన్నదీ అంతే. అక్కడ డిగ్రీ పూర్తిచేసిన వాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల దాకా పర్మిట్ ఇస్తారు. ఇచ్చేది అదే. సెటిలవడం ఉద్యోగం దొరికాక మాట. నాలాగా ఒక సెమిస్టర్‌కు వెళ్లిన వాళ్లకు అదీ లేదు, నేను అడగనూ లేదు.

తిండి పడదన్న మాటకు మా అమ్మ జవాబు చెప్పాలి. పెట్టెలో కిలో నెయ్యి పెట్టింది. బయటి దేశాల ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేకూడదని రూలు. తీసేశాం. చేపలు, రొయ్యలైతే సొంతానికి 20 కిలోల దాకా తీసుకెళ్లొచ్చు. ఆ సంగతి తెలిసిన రోజే అమ్మ ఎండు రొయ్యలు తెచ్చి, వేయించి, మూడు కవర్లలో కట్టింది. హాస్టల్ కిచెన్‌లో మొదటి కవరు విప్పిన రోజు మా ఫ్లోర్‌లో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మూడో కవరు నాటికి ఒక పోలండ్ అమ్మాయి గిన్నె పట్టుకుని నా తలుపు కొట్టింది.