అట్ట ఘనం, లోపల శూన్యం
పిల్లల పుస్తకాల అట్ట మీద '6 నుంచి 12 ఏళ్ల వారికి' అని వేసే మహానుభావులు ఎప్పుడైనా పిల్లల్ని చూశారా? ఆరేళ్లవాడు ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటుంటాడు, పన్నెండేళ్ల పిల్ల నవలలు నమిలేస్తుంటుంది. ఇద్దరికీ ఒకటే పుస్తకమట! లోపల చూస్తే కుందేలు కథలో 'తత్ఫలితముగా' అని ఉంటుంది. కథలో తెల్లపిల్లి, బొమ్మలో నల్లపిల్లి. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, అచ్చువేసినవారికే కనిపించదు. చివర నీతి సరేసరి, నవ్వుతున్న నోట్లో కషాయం పోసినట్టు.

ఒక పేజీ చదివించి, ఐదు మాటల దగ్గర తడబడితే ఆ పుస్తకం పక్కన పెట్టమంటారు. మంచి పద్ధతే. కానీ ఆన్‌లైన్‌లో అట్ట తప్ప మరో పేజీ చూపిస్తేగా! దుకాణంలోనేమో ప్లాస్టిక్ కాగితం బిగించి ఉంచుతారు. విప్పితే కొనాల్సిందేనట.