తెలియని జన్యువుల మీద ఎవరు పనిచేయాలి?

బతకడానికి తప్పనిసరి అనిపించిన జన్యువులను మాత్రమే ఉంచి, మిగతావన్నీ తీసేసి, 2016లో సింథటిక్ బయాలజీ (జన్యువులను మార్చి, కూర్చి కణాలను కట్టే రంగం) శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ బృందం ఒక బ్యాక్టీరియాను తయారుచేసింది. మొత్తం 473 జన్యువులు. వాటిలో 149 అసలు ఏం చేస్తాయో తయారుచేసిన వాళ్లకే తెలియలేదు. తీసేస్తే కణం చచ్చిపోతుంది, లేదంటే పెరగడానికి ఆపసోపాలు పడుతుంది, అంతవరకే తెలుసు. తర్వాత కొన్నింటి గుట్టు విడింది కానీ ఇంకా మిగిలే ఉన్నాయి.

ఈ మిగిలిన పని చేయాల్సింది యూనివర్సిటీ ల్యాబులే. కంపెనీలను అడగడం సబబు కాదు, ఒక జన్యువు పని కనిపెట్టినంత మాత్రాన అమ్ముకోవడానికి ఏమీ రాదు. కానీ యూనివర్సిటీలకు డబ్బిచ్చేవాళ్లు కూడా చాలాసార్లు కంపెనీల ప్రశ్నలే వేస్తున్నారు. మూడేళ్లలో ఏం తయారుచేస్తారు, పేటెంట్ వస్తుందా, స్టార్టప్ పెడతారా? దాంతో దరఖాస్తులో ప్లాస్టిక్ తినే సూక్ష్మజీవో, ఇంధనం చేసే ఈస్టో లేకపోతే ఫైలు కదలదేమోనన్న టెన్షన్ పరిశోధకులకు పట్టుకుంటోంది. ఈ పద్ధతి తప్పని మేము గట్టిగా నమ్ముతున్నాం.

ఈ రంగం చేతిలో ఉన్న పనిముట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 1960ల్లో ఇండియానా యూనివర్సిటీకి చెందిన థామస్ బ్రాక్, అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో ఏ జీవులు బతుకుతున్నాయో చూద్దామని వెళ్లి థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను పట్టుకొచ్చారు. డీఎన్ఏ ముక్కకు కోట్ల కాపీలు తీసే పీసీఆర్ పద్ధతిలో వాడే, వేడికి చెడని ఎంజైమ్ దానిదే. డీఎన్ఏను కచ్చితమైన చోట కోసే ఎంజైములేమో, తన మీద పడే వైరస్‌లను బ్యాక్టీరియా ఎలా ఎదుర్కొంటుందన్న ప్రశ్న వెంటపడితే దొరికాయి. స్పెయిన్‌లో అలికాంటే యూనివర్సిటీలో ఫ్రాన్సిస్కో మోహికా, ఉప్పునీటి సూక్ష్మజీవుల డీఎన్ఏలో ఒకే ముక్క మళ్లీమళ్లీ ఎందుకొస్తోందని 1990ల నుంచి ఏళ్ల తరబడి తలబద్దలు కొట్టుకున్నారు. అవే క్రిస్పర్ వరుసలు, వాటి ఆధారంగా వచ్చిన జీన్ ఎడిటింగ్‌కు (జన్యువులో కావాల్సిన చోట మార్పు చేసే పద్ధతి) 2020లో నోబెల్ వచ్చింది.

వస్తువు తయారుచేయడం తక్కువ పని అని మేము అనడం లేదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌నే తీసుకోండి. అమెరికాలోని బర్క్‌లీలో జే కీస్లింగ్ ల్యాబ్ 2003లో ఇ.కోలై అనే బ్యాక్టీరియాలో మొదటి మెట్టు ఎక్కింది, 2006లో ఈస్ట్ చేత ఆ మందుకు ముడిసరుకైన ఆర్టెమిసినిక్ ఆమ్లం చేయించింది, అది లీటరుకు 25 గ్రాములకు చేరేసరికి 2013 వచ్చింది. పదేళ్లు! అదీ మొక్కలో ఏ మెట్టు దగ్గర ఏ ఎంజైమ్ పనిచేస్తుందో ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుంటేనే.

ఇంకో సంగతి, దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు. మనం కణంలో పెట్టే జన్యు సర్క్యూట్ (మనం చెప్పిన పని చేయించడానికి కలిపి కూర్చిన జన్యువులు) దానికి భారం. దాన్ని పాడుచేసుకున్న కణాలు తేలిగ్గా, వేగంగా పెరుగుతాయి, కొన్ని రోజులు గడిస్తే ఫ్లాస్కు నిండా అవే ఉంటాయి, రాత్రింబవళ్లు కష్టపడి కట్టిన రీసెర్చ్ స్కాలర్‌కు మాత్రం ఆ సర్క్యూట్ ఎందుకు ఆగిపోయిందో అర్థం కాదు. పరిణామం ఎలా నడుస్తుందో తెలియాలంటే అమెరికా జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ 1988లో 12 ఫ్లాస్కుల ఇ.కోలైతో మొదలుపెట్టి ఇప్పటికీ సాగుతున్న ప్రయోగం లాంటివి కావాలి. అందులో 30 వేల తరాలు దాటాక ఒక్క ఫ్లాస్కులోని బ్యాక్టీరియా మాత్రం మామూలు ఇ.కోలై చేయలేని పని చేసింది, ఆక్సిజన్ ఉండగానే సిట్రేట్ తినడం మొదలుపెట్టింది. ఏ మూడేళ్ల గ్రాంటులో పడుతుంది ఇది?

భద్రత సంగతీ అంతే. అణువులన్నీ అద్దంలో బింబంలా తిరగబడిన బ్యాక్టీరియాను తయారుచేయవద్దని 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు హెచ్చరించారు, అలాంటిది బయటపడితే రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టకపోవచ్చని వాళ్ల భయం. వాళ్లలో ఆ దిశగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. లోతుగా తెలిసినవాళ్లే ముందుగా ఆపమనగలిగారు.

కాబట్టి నిధులిచ్చే సంస్థలను మేము అడిగేది ఇదీ. సింథటిక్ బయాలజీకి ఇచ్చే డబ్బులో ఒక వాటాను, ఏ ఉత్పత్తీ చూపించనక్కర్లేకుండా, జన్యువుల పని తెలుసుకోవడానికే పక్కన పెట్టండి. గడువు కనీసం ఏడేళ్లు ఉండాలి. పనిచేయని సర్క్యూట్ల వివరాలు కూడా ప్రచురించాలని షరతు పెట్టండి. ఫ్రీజర్‌లో దాచిన స్ట్రెయిన్లకు (సూక్ష్మజీవుల రకాలకు) రికార్డు రాసి కాపాడే మనిషికి జీతం కూడా ఆ గ్రాంటులోనే ఉండాలి, ఎందుకంటే విద్యార్థి పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోయాక ఏ ట్యూబులో ఏముందో చెప్పేవాళ్లు ఉండరు.