వినపడింది, వినిపించుకోలేదు: హస్కీ పిల్లకు బీచ్‌లో తాడు విప్పొచ్చా?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకి విశాఖ బీచ్‌లో, లాసన్స్ బే దగ్గర ఇసుకలో మా నీలూ మెడ బెల్టుకున్న కొక్కెం తీశాను. నీలూ అంటే మా హస్కీ. అప్పుడు దానికి ఏడో నెల. అంతకుముందు రెండు నెలలుగా అదే చోట, అదే టైముకి విప్పుతూనే ఉన్నాను. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఇసుక ఎగజిమ్ముకుంటూ వచ్చి కాళ్ల మీద పడేది. వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఆగి చూసేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

ఆ రోజు పెదజాలరిపేట వైపు, బోర్లించిన పడవ పక్కన ఒక కోడి ఏదో ఏరుకు తింటోంది. నీలూ ఆగింది. దాని తోక కూడా ఆగింది. నేను పిలిచాను. కుడి చెవి ఒక్కటీ నా వైపు తిరిగింది. తల తిరగలేదు. రెండోసారి నోరు తెరిచేలోపు అది అక్కడ లేదు. చెప్పులు వదిలేసి పరిగెత్తి చేరేసరికి అంతా అయిపోయింది. మూతికి రెండు ఈకలు అంటించుకుని, ఏదో మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు నా వైపు చూసింది.

కోడి ఆవిడ గుడిసెలోంచి బయటికొచ్చి ముందు కోడిని చూసింది, తర్వాత నన్ను. "గుడ్లెట్టే పెట్టండి బాబూ ఇది. అంత కుక్కని అలా ఒగ్గేసేరేటి?" అంది. ఎనిమిది వందలు ఇచ్చాను. కోడి ఆవిడ దగ్గరే ఉండిపోయింది, అడిగే మొహం నాకూ లేదు.

ఆ కుడి చెవి గురించి చాలా రోజులు ఆలోచించాను. కుక్కకి నా పిలుపు వినపడింది, అందులో అనుమానం లేదు. విని, కోడిని ఎంచుకుంది. ట్రైనింగ్ చాలలేదని స్నేహితులు అన్నారు, కొంత నిజమే కావచ్చు. కానీ హస్కీ ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని దేనికోసం పెంచారో చదివాక నాకు ఇంకో సంగతి అర్థమైంది.

ఈశాన్య సైబీరియాలోని చుక్చీ జనం మంచు మీద బండి లాగడానికి పెంచిన జాతి ఇది. 1900ల మొదట్లో బండి పందేల కోసం అలాస్కాకి తెచ్చారు. 1925 జనవరి చివర్లో అలాస్కాలోని నోమ్ ఊళ్లో డిఫ్తీరియా అనే గొంతు జబ్బు వచ్చినప్పుడు, నెనానా నుంచి సుమారు 1,085 కిలోమీటర్లు ఇరవై మంది బండివాళ్లు, 150 దాకా కుక్కలు వంతులవారీగా ఐదున్నర రోజుల్లో మందు చేర్చారు. టోగో, బాల్టో అనే కుక్కలకు అప్పుడే పేరొచ్చింది. ఈ కథ హస్కీ పెంచే ప్రతి ఇంట్లోనూ వినపడుతుంది. మనవాళ్లు పట్టించుకోనిది ఒకటుంది: ఆ బండికి కళ్లెం ఉండదు. బండివాడి చేతిలో కుక్కల్ని తిప్పే తాడేదీ ఉండదు, ఉన్నదంతా గొంతే. కుడికి ఒక మాట, ఎడమకి ఒక మాట. అంటే హస్కీ మాట వినే జాతే, ఛాతీకి పట్టీ వేసి ఉన్నంతసేపూ. పట్టీ తీశాక ఏం చెయ్యాలో దానికి ఎవరూ నేర్పలేదు. పైగా పల్చటి మంచు మీదికి వెళ్లమని మనిషి చెప్పినా ముందున్న కుక్క మొండికేయాలి. అలా సొంత బుద్ధితో ఆగే కుక్కకే విలువ. తరాల తరబడి అలాంటి కుక్కల పిల్లల్నే ఎంచుకుంటూ వచ్చిన జాతిని ఎంవీపీ కాలనీకి తెచ్చి, "కూర్చో" అంటే కూర్చుంది కాబట్టి "రా" అంటే కూడా వస్తుందిలే అనుకున్నాం.

పిల్లగా ఉన్నప్పుడు వస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నాలుగైదు నెలల దాకా ఏ కుక్కపిల్లయినా తన మనిషిని వదిలి దూరం పోదు. భయం ఉంటుంది, లోకం పెద్దగా కనిపిస్తుంది. దాన్ని చూసి మనం విధేయత అనుకుంటాం. ఆరో నెల దాటి ఈడు వచ్చేసరికి ఆ భయం పోతుంది, కాళ్లు పొడుగవుతాయి, వాసనలకు అర్థాలు తెలుస్తాయి. నిన్నటిదాకా వచ్చిన కుక్క ఇవాళ రాదు. మగదైతే, ఆపరేషన్ చేయించకపోతే, రెండు వీధుల అవతల ఎదకొచ్చిన ఆడకుక్క కబురు కూడా గాలిలోనే అందుతుంది. ఈ జాతి క్లబ్బులే తెరిచి ఉన్న చోట హస్కీని వదలొద్దని చెబుతాయి. పాతికేళ్లుగా వీటిని పెంచుతున్నవాళ్లు కూడా తాడు చేత్తో పట్టుకునే తిరుగుతుంటే, రెండు నెలల అనుభవంతో నేను విప్పేశాను.

ఎందుకు విప్పుతామో కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. "పాపం, స్వేచ్ఛ ఉండాలి కదా" అని పైకి చెబుతాం. అసలు సంగతి, మన భుజం నొప్పెడుతుంది. లాగడమే పనిగా పుట్టిన జంతువు అది, మెడ మీద బరువు తగిలితే ఇంకా ముందుకే లాగుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ డౌన్ దిగేటప్పుడు నన్ను నీలూ నడిపించిన తీరు చూసి ఒక పెద్దాయన "ఎవరు ఎవర్ని తిప్పుతున్నారండీ?" అని అడిగారు. బీచ్‌కి చేరేసరికి చెయ్యి లాగేసి, ఇసుక కనపడగానే కొక్కెం మీదికి వేళ్లు వాటంతటవే పోతాయి. కుక్క మీద ప్రేమతో చేశామనుకున్న పని చాలాసార్లు మన సౌకర్యం కోసం చేసిందే.

ఇక విశాఖలో ప్రతి కుక్క యజమాని నోటా వచ్చే ఎదురు ప్రశ్న ఉంది. ఊళ్లో వీధి కుక్కలన్నీ హాయిగా తిరుగుతుంటే, టీకాలన్నీ వేయించిన మా కుక్కకే ఎందుకు తాడు? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలిన వేళ చూడండి. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ ముందు నాలుగు వీధి కుక్కలు నడిరోడ్డు మీద పడుకుని ఉంటాయి. బళ్లు మొదలయ్యే టైముకి వాటంతటవే లేచి పక్కకి పోతాయి. ఏ ఆటో ఎటు తిరుగుతుందో వాటికి తెలుసు, ఏ వీధి తమదో, ఏది కాదో తెలుసు. అది నేర్చుకోలేనివి మనకి ఈరోజు కనపడవు, అంతే తేడా. హస్కీకి ఆ చదువు లేదు. పైగా వీధి కుక్కలకి హద్దులుంటాయి. తాడు లేని కొత్త కుక్క పరుగెత్తుకుంటూ వాటి ఇలాకాలోకి పోతే నాలుగూ కలిసి మీద పడతాయి. మన కుక్క ఎంత మంచిదన్నది అప్పుడు ఎవరూ అడగరు.

మనుషుల సంగతి చూద్దాం. హస్కీ సాధారణంగా మనుషుల మీదికి కోపంగా వెళ్లే జాతి కాదు. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమంటూ రాష్ట్రాలకు పంపిన 23 రకాల జాబితాలోనూ దాని పేరు లేదు (ఆ సర్క్యులర్‌ని తర్వాత కర్ణాటక హైకోర్టు కొట్టేసింది). అయితే ఎదురుగా వచ్చేవాళ్లకి జాతుల జాబితా కనపడదు, తోడేలు మొహం, నీలం కళ్లు కనపడతాయి. ఇరవై కిలోల కుక్క ముద్దుకే మీదికి దూకినా, మోకాళ్ల నొప్పులతో వాకింగ్‌కి వచ్చిన మామ్మ పడితే తుంటి ఎముక విరుగుతుంది. పిల్లాడు బెదిరి రోడ్డు వైపు పరిగెత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. "ఏమీ చెయ్యదండీ" అని మనం యాభై గజాల దూరం నుంచి అరుస్తుంటాం. నేనూ అరిచాను. ఆ మాటకి అవతలివాళ్ల దగ్గర విలువ సున్నా.

2025 ఆగస్టులో ఢిల్లీ వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఇచ్చి, పదకొండు రోజుల్లోనే వాటిని సవరించినప్పటి నుంచి దేశమంతటా ఈ విషయం మీద జనం రెండుగా చీలి ఉన్నారు. కుక్కలకు అన్నం పెట్టేవాళ్లని, కుక్కలంటే భయపడేవాళ్లని ఒకే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చూస్తున్నాం. ఇలాంటి టైములో తాడు లేకుండా పరిగెత్తే ఒక్క పెంపుడు కుక్క మొత్తం కుక్కల పక్షానికి చేసే నష్టం తక్కువేం కాదు. చట్టం కూడా ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గానీ తీవ్రమైన గాయం గానీ జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బీచ్ అంటే ఖాళీ స్థలం అనుకుంటాం గానీ, మన బీచ్ ఖాళీగా ఉండదు. చలికాలం చివర్లో, ఎండలు ముదిరే లోపు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట విశాఖ తీరానికి వచ్చి ఇసుకలో గొయ్యి తీసి ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి. అటవీ శాఖ వాళ్లు వాటిని ఏరి కంచె వేసిన చోటికి మార్చి, పిల్లలయ్యాక సముద్రంలోకి వదులుతారు. వాళ్లు చేరేలోపు గుడ్ల వాసన పట్టేది కుక్కే. ఆ తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జీవి. నేను నీలూని విప్పిన ఫిబ్రవరి సరిగ్గా ఆ కాలమే. కోడి కాబట్టి ఎనిమిది వందలతో పోయింది.

ఎండ గురించి ఒక్క ముక్క. కుక్క నాలుక బయటపెట్టి రొప్పి ఒంటి వేడి తగ్గించుకుంటుంది, తడి ఆరితేనే ఆ వేడి పోతుంది. విశాఖ ఉక్కపోతలో మన చెమటే ఆరదు, ఇక రెండు పొరల బొచ్చున్న కుక్క నాలుక ఎక్కడ ఆరుతుంది? తాడుంటే మనం ఆపుతాం. తాడు లేని హస్కీ తనంతట తాను ఆగదు, పడిపోయేదాకా పరిగెడుతుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే డాక్టరు దగ్గరికి చేరే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. అసలు ఈ ఊరికి ఈ జాతిని తెచ్చుకోవచ్చా అనేది దీనికంటే పెద్ద ప్రశ్న. దాన్ని నేను కొనకముందు వేసుకోవాల్సింది. మూడు నెలలైనా నిండని, టీకాల కోర్సు పూర్తికాని పిల్లనైతే తాడుతో కూడా బీచ్ ఇసుకలో దించకూడదు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది.

మరి పరిగెత్తడానికే పుట్టిన కుక్కని జీవితాంతం రెండు గజాల తాడుకి కట్టేయాలా? అది కూడా క్రూరమే. బాగా పరిగెత్తనివ్వకపోతే హస్కీ ఇంట్లో సోఫా పీకుతుంది, తలుపు సందులోంచి జారుకుంటుంది, అప్పుడు మనం వద్దనుకున్నా తాడు లేకుండానే బయటపడుతుంది. అందుకే వదలొద్దు అనేసి ఊరుకుంటే చాలదు. నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర దుకాణంలో పదిహేను మీటర్ల నైలాన్ తాడు కొన్నాను. వలలకి వాడే రకం, ఉప్పు నీటికి చెడదు. దాన్ని మెడ బెల్టుకి కట్టకూడదు, పరుగు మీద ఒక్కసారిగా ఆగితే మెడ పట్టేస్తుంది. ఛాతీకి వేసే పట్టీకి, వీపు మీది రింగుకి కట్టాలి. చేతికి చుట్టుకోకూడదు. మొదటి రోజు చుట్టుకున్నాను, చర్మం ఊడొచ్చింది. తోటపని గ్లవ్స్ వేసుకుని, తాడు చివర నేల మీద వదిలేసి, అవసరమైనప్పుడు కాలితో తొక్కి ఆపుతాను. నీలూకి తాను స్వేచ్ఛగా ఉన్నట్టే ఉంటుంది. పిలిచినప్పుడు వస్తే ఉడికించిన చికెన్ లివర్ ముక్క, మళ్లీ పరుగు. పిలవగానే తాడు బిగించి ఇంటికి తీసుకుపోతే, "రా" అంటే ఆట అయిపోయినట్టే అని ఏ కుక్కయినా వారంలో నేర్చుకుంటుంది.

నిజంగా విప్పదలుచుకుంటే గోడలున్న చోటు కావాలి, ఆ గోడ కనీసం మనిషెత్తు ఉండాలి, కింద తవ్వడానికి మట్టి ఉండకూడదు. మేడ మీద వద్దు, పిట్టగోడ హస్కీకి ఒక గంతు. తెలిసినవాళ్ల ఫంక్షన్ హాలు ఆవరణ ఖాళీ రోజుల్లో దొరికితే అదృష్టం. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో కార్పొరేషన్ కుక్కల కోసమే కంచె వేసి ఒక పార్కు తెరిచింది. మన విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీ కూడా కాలనీల మధ్య ఉన్న ఖాళీ స్థలాల్లో నాలుగైదు చోట్ల అలా కంచె వేసి, రెండు గేట్లు పెట్టి ఇస్తే బీచ్‌లో సగం తగాదాలు తగ్గుతాయి. బీచ్ రోడ్డు అందానికి పెట్టే ఖర్చు ముందు అది ఏపాటి?

నీలూకి ఇప్పుడు ఏడాదిన్నర. పిలిస్తే పదిసార్లకి తొమ్మిదిసార్లు వస్తుంది, తాడు మాత్రం అలాగే ఉంది. పెదజాలరిపేట మీదుగా వెళ్లినప్పుడు కోడి ఆవిడ ముందు నా చేతి వైపు చూస్తుంది. తాడు కనపడ్డాకే "ఏటి బాబూ, బాగున్నారా?" అంటుంది.